భాషా టీచర్ల ముప్ఫై ఏళ్లు: ఏది అలసట తెస్తుంది, ఏది నిలబెడుతుంది

చిన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచరు సెలవు పెడితే సైన్సు చెప్పేవాళ్లు ఆ పీరియడ్‌ను ఎలాగో లాక్కొస్తారు. హిందీ టీచరు సెలవు పెడితే మాత్రం హిందీ పాఠం ఆగిపోవలసిందే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లె బడుల్లో తెలుగుకు ఒకరు, హిందీకి ఒకరు, ఇంగ్లిషుకు ఒకరు ఉండటం మామూలు. స్టాఫ్‌రూమ్‌లో కబుర్లకు లోటుండదు. కానీ "ఈ పద్యం ఎనిమిదో తరగతి పిల్లలకు ఎక్కడం లేదు, మీరెలా చెప్పారు?" అని అడగడానికి అదే బడిలో ఇంకో మనిషి ఉండరు. ఉపాధ్యాయుల మానసిక ఆరోగ్యం గురించి మాటొచ్చినప్పుడు ఈ ఒంటరితనం సంగతి ఎవరూ ఎత్తరు. అన్ని సబ్జెక్టుల వాళ్లనూ, అన్ని వయసుల వాళ్లనూ ఒకే హాల్లో కూర్చోబెట్టి ఒత్తిడి తగ్గించుకోవడం మీద ఒక పూట శిక్షణ ఇస్తారు. పాతికేళ్ల కుర్ర టీచరుకు ఉన్న భయం వేరు, నలభై ఐదేళ్ల పండితుడికి ఉన్న విసుగు వేరు. రెండింటికీ ఒకే మాట చెబితే ఇద్దరికీ పనికిరాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వృత్తిపరమైన బడలికను తన వర్గీకరణలో ఎలా చెప్పిందో ఇక్కడ గుర్తు చేసుకోవాలి. దాన్ని జబ్బుగా చూపలేదు, పనికి సంబంధించిన పరిస్థితిగా చూపింది. సత్తువంతా పోయినట్టుండటం, పని మీద మనసు విరిగిపోవడం, ఎంత చేసినా ఫలితం లేదనిపించడం దాని లక్షణాలు. పని చోటులో ఒత్తిడి ఏళ్ల తరబడి పేరుకుపోతే ఇవి వస్తాయి. కాబట్టి మనిషిని సరిచేసే ముందు పనిని చూడాలి. భాషా టీచరు పనిలో ఏముంది?

మొదట నోటుపుస్తకాలు. విజయనగరం దగ్గర ఒక బడిలో దసరా సెలవుల తర్వాత "మా ఊరి పండుగ" మీద స్వీయరచన రాయమన్నారనుకుందాం. తొమ్మిదో తరగతి పిల్ల ఇలా రాస్తుంది: "సిరిమాను సూడ్డానికి మాయమ్మతో ఎల్లేము. జనం తెగ ఉన్నారు. మా తమ్ముడు ఏడిసేడు." టీచరు చేతిలో ఎర్ర పెన్ను ఉంది. "సూడ్డానికి" అన్నదాని కింద గీత గీయాలా? గీస్తే ఆ పిల్ల వచ్చేసారి నాలుగు పొడి వాక్యాలు రాసి ఊరుకుంటుంది. గీయకపోతే పదో తరగతి పేపరు దిద్దే మరో టీచరు మార్కులు కోస్తారేమో. తమ్ముడు ఏడిచిన చోట నిజమైన కథ ఉంది, అది ఇంకొంచెం రాయమని పక్కన రాయాలా? ఒక్క పేజీలో ఇలాంటి నిర్ణయాలు పదో పన్నెండో ఉంటాయి. లెక్క దిద్దేటప్పుడు జవాబు తప్పో ఒప్పో త్వరగా తేలుతుంది. ఇక్కడ ప్రతి వాక్యం దగ్గరా ఆగాలి. ఐదు సెక్షన్లు, సెక్షన్‌కు నలభై మంది అనుకుంటే రెండు వందల పుస్తకాలు. ఒక్కోదానికి నాలుగు నిమిషాలు పెట్టినా పదమూడు గంటలు దాటుతుంది. అది ఒక్క రచనకే. ఆ పదమూడు గంటలు టైమ్‌టేబుల్లో ఎక్కడా లేవు. బస్సులోనో, ఇంట్లో వంటయ్యాకో, ఆదివారమో తీసుకోవాలి.

మాండలికం దగ్గర వచ్చే ఈ సందిగ్ధం ఈ నేలకు కొత్త కాదు. పిల్లలు గ్రాంథికంలో రాయాలా, వాడుక భాషలో రాయాలా అన్న గొడవ నూరేళ్ల కిందట ఇక్కడి బళ్ల నుంచే లేచింది. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి, విజయనగరం మహారాజా కళాశాలలో పనిచేసిన గురజాడ అప్పారావు దానికోసం పోరాడారు. గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం ఇచ్చి, మరుసటి ఏడాదే కన్నుమూశారు. వాడుక భాష గెలిచింది నిజమే. కానీ పాఠ్యపుస్తకంలోకి వచ్చిన వాడుక భాష కూడా ఇచ్ఛాపురం, మందస, సాలూరు పిల్లల ఇంటి మాటకు దూరంగానే ఉంది. ఆ దూరాన్ని రోజూ తరగతిలో భరించేది భాషా టీచరే.

రెండోది గొంతు. పద్యం రాగయుక్తంగా చదవాలి, సంభాషణలు పాత్రను బట్టి పలకాలి, ఇంగ్లిషు ఉచ్చారణ చివరి బెంచీకి వినిపించాలి. అమెరికాలోని అయోవా, యూటా రాష్ట్రాల్లో జరిపి 2004లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనంలో, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు గొంతు సమస్య వచ్చిందన్న ఉపాధ్యాయులు దాదాపు 58 శాతం ఉన్నారు. ఇతర వృత్తుల వాళ్లలో అది 29 శాతం దాకా ఉంది. అక్కడి తరగతులతో పోలిస్తే మన గదుల్లో పిల్లలు ఎక్కువ, పైన ఫ్యాను చప్పుడు, కిటికీ బయట రోడ్డు. గొంతు బొంగురుపోతే మిరియాల పాలు తాగి మర్నాడు మళ్లీ అదే స్థాయిలో అరవడం మనవాళ్లకు అలవాటు. రెండు మూడు వారాలైనా బొంగురు తగ్గకపోతే స్వరతంత్రులను డాక్టరుకు చూపించుకోవాలన్న సంగతి ఏ శిక్షణలోనూ గట్టిగా చెప్పరు. రంగస్థల నటుడికి గొంతు కాపాడుకోవడం నేర్పుతారు. అంతకన్నా ఎక్కువ సేపు మాట్లాడే టీచరుకు ఎవరూ నేర్పరు.

మూడోది మనసు. పిల్లల చేత మాట్లాడించాలంటే ముందు తాను నవ్వాలి, ఉత్సాహం చూపించాలి. ఇంట్లో ఎంత బాధ ఉన్నా తరగతిలో హాస్య సన్నివేశం చదివి నవ్వించాలి. జీతంలో భాగంగా భావాలను కూడా ఇలా ఖర్చు పెట్టవలసి రావడాన్ని అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో ఒక శ్రమగా గుర్తించారు. విమాన సిబ్బందిని చూసి ఆమె ఆ మాటన్నారు గానీ భాషా బోధనకూ అది అక్షరాలా వర్తిస్తుంది.

ఈ మూడు బరువులూ ముప్ఫై ఏళ్ల పొడవునా ఒకేలా ఉండవు. 1980లలో స్విట్జర్లాండ్‌లో మైకేల్ హ్యూబర్‌మన్ అనే పరిశోధకుడు హైస్కూలు స్థాయి టీచర్లతో దీర్ఘంగా మాట్లాడి ఉద్యోగ జీవితాన్ని దశలుగా గీశారు. మొదటి మూడేళ్లు బతికి బయటపడటం, తర్వాత రెండు మూడేళ్లు కుదురుకోవడం. ఏడు నుంచి పద్దెనిమిదో ఏడు దాకా కొత్తవి ప్రయత్నించడమో, లేక "ఈ ఉద్యోగంలో ఎందుకున్నాను" అనే సందేహమో. ఆ పైన నెమ్మదితనం లేదా బిగుసుకుపోవడం. చివర్లో పనినుంచి మెల్లగా విడివడటం. అది కొందరికి ప్రశాంతంగా జరుగుతుంది, కొందరికి చేదుగా మిగులుతుంది. ఈ పటం మన జిల్లాలకు సగమే సరిపోతుంది.

ఎందుకంటే ఇక్కడ మొదటి దశ మొదలయ్యేదే ఆలస్యంగా. ప్రభుత్వ టీచర్ల నియామకాలు జరిపే డీఎస్సీ 2018 తర్వాత మళ్లీ పూర్తిస్థాయిలో 2025లో 16,347 పోస్టులతో వచ్చింది. మధ్యలో ఏడేళ్లు. పండిత శిక్షణో బీఈడీయో పూర్తిచేసిన కుర్రాళ్లు ఆ ఏడేళ్లూ కోచింగులకూ ప్రైవేటు బడులకూ మధ్య తిరిగారు. 1998 డీఎస్సీ అర్హుల కథ ఇంకా బాధాకరం. వాళ్లకు కాంట్రాక్టు పద్ధతిలో ఉద్యోగాలు దక్కింది 2023లో. చాలామంది అప్పటికే యాభై దాటారు. హ్యూబర్‌మన్ లెక్కలో నెమ్మదితనం రావలసిన వయసులో వీళ్లు కొత్త టీచర్లుగా బడిలో అడుగుపెట్టారు.

ఉద్యోగం వచ్చాక మొదటి పోస్టింగు ఎక్కడ? బదిలీల్లో పాయింట్లు లేని కొత్తవాళ్లకు ఎక్కువగా దొరికేవి అందరూ వదిలేసిన ఊళ్లు. అటు ఒడిశా సరిహద్దు, ఇటు కొండ వాలు. మెళియాపుట్టి, మందస కొండ గూడేల్లో పిల్లలు ఇంట్లో సవర మాట్లాడతారు. ఇచ్ఛాపురం, కవిటి వైపు ఒడియా ఇళ్లు, ఒడియా మీడియం బడులు కూడా ఉన్నాయి. శిక్షణలో నేర్పింది తెలుగు మాతృభాషగా ఉన్న పిల్లలకు తెలుగు చెప్పడం. ఇక్కడ చేయవలసింది తెలుగును రెండో భాషగా నేర్పడం. అది పూర్తిగా వేరే పని, దానికి వేరే పద్ధతులున్నాయి. ఆ సంగతి చెప్పేవాళ్లు లేక కొత్త టీచరు తప్పు తనదే అనుకుంటారు. ఆరు నెలలయ్యేసరికి "నాకు పాఠం చెప్పడం రాదు" అనే నిర్ణయానికి వచ్చేస్తారు. ఆ దిగులుకు కౌన్సెలింగు కన్నా ముందు కావలసింది నూటేభై సవర మాటలు, ఆ గూడెంలో పదేళ్లు పనిచేసిన ఒక సీనియరు ఫోన్ నంబరు. 2004 ప్రాంతంలో సవర సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక తరగతులకు బోధన మొదలైంది. ఆ అనుభవం ఉన్నవాళ్లు ఇంకా సర్వీసులో ఉన్నారు. వాళ్లను కొత్తవాళ్లతో కలపడానికి పెద్ద ఖర్చు కూడా కాదు.

ఇంగ్లిషు టీచర్ల మొదటి భయం ఇంకో రకం. చాలామంది స్వయంగా తెలుగు మీడియంలో చదివినవాళ్లు. నేర్చుకునే పిల్లలకే కాదు, చెప్పే టీచర్లకూ ఆ భాషలో మాట్లాడాలంటే బెరుకు ఉంటుందని ఎలెయిన్ హార్విట్జ్ అనే పరిశోధకురాలు 1990లలోనే రాశారు. బెరుకున్న టీచరు తెలియకుండానే మాట్లాడించే పనులు మానేసి, గ్రామర్ వివరణ, డిక్టేషన్ వైపు జరిగిపోతారు. అధికారులు వచ్చినప్పుడు గుండె దడదడలాడుతుంది. ఇది సామర్థ్యం లేకపోవడం కాదని, అనుభవజ్ఞుల్లో కూడా ఉంటుందని తెలిస్తేనే సగం టెన్షన్ తగ్గుతుంది.

అసలు ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది మధ్య దశ మీద. కొత్తవాళ్లకు శిక్షణలుంటాయి, రిటైరయ్యేవాళ్లకు సన్మానాలుంటాయి. పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల సర్వీసు ఉన్నవాళ్లను ఎవరూ పట్టించుకోరు. "వాళ్లకేం, సెటిలైపోయారు" అంటారు. పిల్లల చదువు కోసం కాపురం శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో విశాఖలోనో పెట్టి, రోజూ రైలో బస్సో ఎక్కి, దిగి షేర్ ఆటో పట్టుకుని బడికి చేరేది ఈ వయసువాళ్లే. ఇంట్లో ముసలి తల్లిదండ్రులు, ఇంటి లోను, ఎదిగిన పిల్లలు. టీచరమ్మలైతే తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి వంట ముగించి బయలుదేరాలి. 2022లో వచ్చిన ముఖ హాజరు యాప్ ఈ ప్రయాణానికి నిమిషాల లెక్క కూడా జోడించింది. మరుగుదొడ్ల ఫోటోలు అప్‌లోడ్ చేసే పని కొన్నేళ్లు చేయించారు. పాఠం చెప్పడానికి వచ్చిన మనిషికి అది ఎంత చిన్నతనమో చెప్పనక్కర్లేదు.

వీటికన్నా లోతుగా తగిలేవి విధానాల మార్పులు. 2019 నవంబర్‌లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా మొదలుపెట్టి, తర్వాత పదో తరగతి వరకూ ఇంగ్లిషు మీడియం చేస్తూ ప్రభుత్వ ఉత్తర్వు జీఓ 81 వచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. అయినా ఇంగ్లిషు మీడియం వైపు నడక ఆగలేదు, ఒక పేజీ ఇంగ్లిషు, పక్క పేజీ తెలుగుతో పాఠ్యపుస్తకాలు వచ్చాయి. తెలుగు ఒక సబ్జెక్టుగా మిగిలింది. 2023లో పిల్లల్ని టోఫెల్ అనే అంతర్జాతీయ ఇంగ్లిషు పరీక్షకు సిద్ధం చేయాలన్నారు. ఇంగ్లిషు టీచర్లు దానికి తయారయ్యేలోపు, 2024లో ప్రభుత్వం మారి అది వెళ్లిపోయింది. ఏ నిర్ణయం మంచిదన్నది వేరే చర్చ. ప్రతిసారీ పాత పద్ధతి పక్కన పెట్టి కొత్తది ఎత్తుకుని, అది చేతికి అలవాటయ్యేలోపు దించేయమంటే మనిషికి తన పని మీద తనకున్న పట్టు పోతుంది.

హ్యూబర్‌మన్ అధ్యయనంలో చాలామంది గమనించని ఒక ఫలితం ఇక్కడ పనికొస్తుంది. ఉద్యోగం చివర్లో తృప్తిగా ఉన్నవాళ్లలో ఎక్కువమంది తమ తరగతి గదిలో, తమ స్థాయిలో చిన్న చిన్న మార్పులు చేసుకుంటూ పోయినవాళ్లు. బడి మొత్తాన్నీ మార్చే భారీ సంస్కరణల్లో కూరుకుపోయినవాళ్లు చివరికి నిరాశతో మిగిలారు. అంటే మధ్య దశలో టీచరును బతికించేది సొంతంగా ఏదైనా చేసి చూసే వెసులుబాటు. పైనుంచి వచ్చే కార్యక్రమాలు ఒకదాని మీద ఒకటి పడితే ముందు నలిగేది ఆ వెసులుబాటే.

చేసి చూడటానికి ముడిసరుకు ఈ జిల్లాల్లో ఉన్నంతగా చాలా చోట్ల ఉండదు. తప్పెటగుళ్లు, జముకుల పాట లాంటి జానపద కళలు ఇంకా వినిపించే ఊళ్లున్నాయి. బడిలో ఏడాది మధ్యలో జరిగే నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టు పనికి మార్కులున్నాయి. అక్కడ గైడు చూసి చార్టు రాయించే బదులు, అవ్వ దగ్గర ఒక పాట అడిగి రాసుకు రమ్మంటే పిల్లలు ఇంటి మాటను బెరుకు లేకుండా కాగితం మీద పెడతారు. దాన్ని పాఠ్యపుస్తకపు తెలుగులోకి మార్చి రాయడం తర్వాతి పని. అప్పుడు మాండలికం తప్పుల జాబితాగా కాకుండా పాఠంగా మారుతుంది, టీచరుకు కూడా ఎప్పుడూ చదవనిది చదివే అవకాశం వస్తుంది. రెండు వందల పుస్తకాల్లో ఒకే గైడు జవాబు దిద్దడం వల్ల వచ్చే విసుగుకు ఇంతకన్నా మంచి విరుగుడు కనపడదు.

హిందీ టీచర్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మిగతా సబ్జెక్టులకు పదో తరగతి పాస్ మార్కు 35, ద్వితీయ భాష హిందీకి 20. పిల్లలకు మేలు చేయాలనే పెట్టారు. కానీ ఆ 20 రోజూ తరగతిలో ఒక మాట చెబుతూనే ఉంటుంది: ఇది అంత ముఖ్యం కాదని. పిల్లలూ తల్లిదండ్రులూ ఒక్కోసారి హెడ్మాస్టర్లూ దాన్ని నమ్ముతారు. ప్రత్యేక క్లాసులకు పీరియడ్ కావలసి వస్తే ముందు తీసుకునేది హిందీదే. ఇరవై ఏళ్లు ఇలా గడిచాక ఆ టీచరు తానే తన సబ్జెక్టును తక్కువగా చూడటం మొదలుపెడితే ఆశ్చర్యం లేదు. నిజానికి ఇక్కడి కుటుంబాలకు హిందీ అవసరం చాలా ఉంది. శ్రీకాకుళం తీరం నుంచి మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్లి బోట్ల మీద పనిచేస్తారు. రెండు జిల్లాల నుంచీ సైన్యంలో చేరే కుర్రాళ్లు ఎక్కువ. బోటు మీదా, బారక్‌లోనూ నడిచేది హిందీయే. సెలవు మీద వచ్చిన జవానును తరగతికి పిలిచి అరగంట హిందీలో మాట్లాడమంటే, ఆ సబ్జెక్టుకూ ఆ టీచరుకూ వచ్చే గౌరవం ఏ సర్క్యులరూ తేలేదు.

ప్రైవేటు రంగంలో ఈ దశల లెక్కే పనిచేయదు, ఎందుకంటే అక్కడ ముప్ఫై ఏళ్ల ఉద్యోగం అరుదు. ఇంటర్‌లో మార్కులు సులువని తెలుగుకు బదులు సంస్కృతం తీసుకునేలా చేయడంతో తెలుగు లెక్చరర్లకు క్లాసులు కరువయ్యాయి. బడుల్లో లెక్కలు, సైన్సు వాళ్లకన్నా తెలుగు, హిందీ వాళ్లకు జీతం తక్కువ. 2020లో బడులు మూతపడినప్పుడు ప్రైవేటు టీచర్లు కూరగాయలు అమ్మారు, ఉపాధి హామీ పనికి వెళ్లారు. వాళ్లకు క్షేమం అంటే ముందు పన్నెండు నెలల జీతం. మిగతావన్నీ దాని తర్వాతే.

యాభై దాటాక ఒంట్లోనే మార్పులొస్తాయి. గొంతు త్వరగా అలుస్తుంది, చిన్న అక్షరాలు దిద్దడానికి కళ్లు సహకరించవు, వెనక బెంచీ పిల్ల ఏం పలికిందో సరిగ్గా వినపడదు. గిడుగువారు సవర నేర్చుకోవడానికి మన్యం తిరిగి మలేరియా పాలై, క్వినైన్ వాడకం వల్ల వినికిడి పోగొట్టుకున్నారు. భాష కోసం ఒంటిని పణంగా పెట్టిన మనిషిగా ఆయన్ని కీర్తిస్తాం. ఇవాళ్టి టీచరు నుంచి ఆ త్యాగం కోరనక్కర్లేదు. శ్రీకాకుళం, విజయనగరం రెండు చోట్లా ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. ఏడాదికోసారి అక్కడ భాషా టీచర్ల గొంతు, చెవి చూసే ఏర్పాటు చేయొచ్చు. నడుముకు కట్టుకునే చిన్న స్పీకరు, మైకు బడి నిధులతో కొనొచ్చు. అది వాడితే చులకనవుతామన్న మొహమాటం పోవాలంటే హెడ్మాస్టరే ముందు వాడాలి.

2022 నుంచి పదవీ విరమణ వయసు 62. కొందరికి ఇది ఊరట, కొందరికి బరువు. 2004 సెప్టెంబర్ 1 నుంచి చేరినవాళ్లది జీతంలోంచి తామూ వాటా కట్టే కాంట్రిబ్యూటరీ పెన్షన్. పాత పెన్షన్ వచ్చే సహోద్యోగి పక్కనే కూర్చుని అదే పని చేస్తూ, రిటైరయ్యాక తనకెంత వస్తుందో తెలియని ఆందోళన వాళ్లది. నోటిఫికేషన్ ముందే వచ్చి నియామకం ఆలస్యమైన 2003 డీఎస్సీ వాళ్లకు ఇది మరీ మంట. ఇలాంటి డబ్బు భయం ఉన్నచోట చివరి దశ ప్రశాంతంగా గడుస్తుందని ఆశించలేం.

మొదట్లో చెప్పిన ఒంటరితనానికి మందు ఇప్పటికే ఉంది: స్కూల్ కాంప్లెక్స్ సమావేశం. చుట్టుపక్కల బడుల తెలుగు టీచర్లందరూ ఒకచోట కూర్చునేది అక్కడే. ఆ పూటలో ఎక్కువ భాగం యాప్‌ల సూచనలకూ ఫార్మాట్లకూ పోతోంది. ఒక గంటైనా ఎవరి అజమాయిషీ లేకుండా టీచర్లకే వదిలేసి, తలా మూడు పిల్లల నోటుపుస్తకాలు తెచ్చుకుని, ఎలా దిద్దారో ఒకరికొకరు చూపించుకుంటే బావుంటుంది. పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌లో ఇలాంటి మాటలు జరుగుతాయి గానీ అది ఏప్రిల్ ఎండల్లో, రోజుకిన్ని పేపర్లనే ఒత్తిడి మధ్య.

రిటైరైనవాళ్లనూ ఆ సమావేశాలకు పిలవాలి. మురపాకలో పుట్టిన కాళీపట్నం రామారావు మాస్టారు విశాఖ బడిలో మూడు దశాబ్దాలు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆ తర్వాత 1997లో శ్రీకాకుళంలో కథానిలయం స్థాపించి తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చే పనిలో జీవితం గడిపారు. అంతటి పని అందరివల్లా కాదు. కానీ భాషాప్రవీణ చదివి, ముప్ఫై ఏళ్లు పద్యం నోట్లో నానబెట్టుకున్న పండితులు ప్రతి మండలంలో ఉన్నారు. సాధారణంగా వాళ్లను బడికి పిలిచేది తెలుగు భాషా దినోత్సవమైన ఆగస్టు 29న, ఉపాధ్యాయ దినోత్సవమైన సెప్టెంబర్ 5న. పిలిచి శాలువా కప్పి ఫోటో తీసుకుని పంపేస్తారు. ఆ రోజు తొమ్మిదో తరగతికి ఒక పీరియడ్ పద్యపాఠం చెప్పమని అడగొచ్చు. ఆ బడి తెలుగు టీచరు అప్పుడు వెనక బెంచీలో కూర్చుని వినాలి. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆ టీచరు ఇంకొకరు తెలుగు పాఠం చెబుతుంటే విని ఉండకపోవచ్చు.